వీపు మీది పేరు

పొద్దుటినుంచి అమ్మ కుట్టుమిషను ఆపలేదు.

"నేను సంతకం పెట్టను" అని నిన్న తేల్చి చెప్పాక ఆవిడ నోటికి తాళం వేసుకుంది. అప్పట్నుంచి ఎవరేమడిగినా మిషనే జవాబు చెబుతోంది. నాన్న "టీ ఏమైనా ఉందా" అంటే టకటకటక. నానమ్మ "అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా" అంటే టకటకటక. కూతురు ఎదురుగా వచ్చి నిలబడి "అమ్మా, నీతోనే మాట్లాడుతున్నా" అంటే మాత్రం ఇంకాస్త గట్టిగా టకటకటక.

మధ్యాహ్నం దాకా ఓర్చుకున్న కూతురికి ఇక అరికాలి మంట నెత్తికెక్కింది. వంగి, మిషను మోటారు ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

ఇల్లు మూగబోయింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్న చప్పుడు లోపలికి వినిపించింది.

"ఇప్పుడు చెప్పు," అంది కూతురు.

"ప్లగ్గు పెట్టు."

"పెట్టను. సాయంత్రం క్లబ్బు మేనేజరు వస్తున్నాడు. ఆయన ముందు కూడా ఇలాగే కుట్టుకుంటూ కూర్చుంటావా?"

"కూర్చుంటాను. ఇది నా పని."

"ఆడడం నా పని!"

"నీ పని చదువుకోవడం. పరీక్షలు నెత్తిమీదున్నాయి. అవి రాయి. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత."

'ఆ తర్వాత' అనే మాట ఈ ఇంట్లో వారం రోజులుగా నలుగుతోంది. అమ్మ దాన్ని తిప్పి తిప్పి అంటుంది, కూతురు ఎత్తి అవతల పారేస్తుంది.

ఈ పిల్లని వీధిలో ఎవరూ పేరుతో పిలవరు. పిడుగు అంటారు. నెట్టు మీదికెగిరి బంతిని కొట్టిందంటే అవతలివాళ్ళు మొహానికి చేతులడ్డం పెట్టుకోవడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ఇంకా బడి దాటలేదు, అప్పుడే పెద్ద వాలీబాల్ క్లబ్బువాళ్ళ కన్ను పడింది. జీతం ఇస్తారట, హాస్టల్లో గది ఇస్తారట, ఏడాది పొడవునా మ్యాచులట. కాకపోతే చదువు మధ్యలో ఆపేసి వచ్చే నెలే చేరిపోవాలి. పద్దెనిమిది నిండని పిల్ల కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. తండ్రి అయితే వారం రోజులుగా పెన్ను జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు.

ఆయన బడిబస్సు డ్రైవరు. ఇవాళ సాయంత్రం ట్రిప్పు వేరే డ్రైవరుకి అప్పజెప్పి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కూతురు క్లబ్బులో చేరుతోందన్న సంగతి ఆయన బస్సెక్కే ప్రతి పిల్లకీ తెలుసు. ఆ పిల్లల తల్లిదండ్రులకి కూడా తెలుసు. సంతకం సంగతి తేలలేదని మాత్రం ఎవరికీ తెలియదు.

"ఆ తర్వాత నన్నెవరడుగుతారమ్మా?" అంది పిడుగు. "ఇవాళ అడుగుతున్నారు. ఇవాళ నా కాళ్ళు ఎగురుతున్నాయి. ఇంకో నాలుగేళ్ళు కాలేజీ బెంచీల మీద కూర్చుని, అప్పుడు వెళ్ళి 'అయ్యా, నేను కూడా ఒకప్పుడు బాగా ఎగిరేదాన్ని' అని చెప్పుకోనా?"

"నిన్ను ఆడొద్దని నేనెప్పుడన్నాను? ఇప్పుడే వద్దన్నాను."

"ఆటకి ఇప్పుడు తప్ప ఇంకేముంటుంది!"

"అదీ మాట!" అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

"మీరు ఊరుకోండి," అంది అమ్మ.

"నేను ఊరుకునే ఉన్నాను."

"ఊరుకున్నానని చెప్పడానికైనా నోరు తెరవాలట్రా నీకు?" అంది నానమ్మ. ఆవిడ కళ్ళజోడు ఆవిడ నెత్తిమీదే ఉంది. ఈ గొడవలో ఎవరూ ఆ సంగతి చెప్పలేదు.

పిడుగు అమ్మ ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు కొంచెం తగ్గించింది. తగ్గిస్తే ఒప్పుకుంటుందేమోనని కాదు, ఈసారి గట్టిగా తగలాలని.

"నువ్వు పద్నాలుగేళ్ళకి మిషనెక్కావు. నిన్నెవరైనా ఆపారా?"

"ఎవరూ ఆపలేదు."

"ఏం, చెడిపోయావా?"

అమ్మ పళ్ళ మధ్య పట్టుకున్న దారం ముక్క తీసి పక్కన పెట్టింది. ఇంత సూటిగా అడుగుతుందని ఆవిడ అనుకోలేదు. కోపం రావలసింది, రాలేదు.

"చెడిపోలేదు. కానీ నా పని నన్ను వదిలిపెట్టి పోదు. జ్వరమొచ్చినా కుడతాను, కాలు వాచినా కుడతాను, కళ్ళు కనిపించినంతకాలం కుడతాను. నీ పని అలాంటిది కాదు. ఒక్కరోజు కాలు మడతపడిందా, నీ పనే నిన్ను వదిలేసి పోతుంది. అప్పుడు నీ చేతిలో ఏముంటుంది? కనీసం బడి పూర్తి చేశానని చెప్పుకోవడానికి కూడా ఉండదు."

"అందరికీ అలాగే జరుగుతుందా? పొడుగక్కకి జరిగిందా?"

ఆ మాటకి అమ్మ చేతులు ఒళ్ళో పడిపోయాయి.

పొడుగక్క కూడా పిడుగు చదివే బళ్ళోనే చదివింది. మూడేళ్ళ కిందట పరీక్షలు రాయకుండా తిన్నగా క్లబ్బుకే వెళ్ళింది. ఇప్పుడు బస్టాపు దగ్గర గోడమీద ఆమె బొమ్మ ఉంది, నెట్టుకి పైన గాల్లో. వీపు మీద పేరు, పేరు కింద నాలుగో నంబరు. పిడుగుకి ఎగరడం నేర్పింది ఆమే. ఎప్పుడు వాదన వచ్చినా పిడుగు చివరికి తెచ్చేది ఆమె పేరే. అమ్మ ఇన్నాళ్ళూ ఆ పేరుకి ఏదో ఒకటి జవాబు చెబుతూనే ఉండేది. ఇవాళ చెప్పలేదు.

"చూశావా, మాట లేదు!" అంది పిడుగు. "ఆవిడ చెడిపోయిందా? చెప్పు! బడి మానేసి వెళ్ళింది, గోడలెక్కింది. నేనెందుకు వెళ్ళకూడదు?"

అమ్మ లేచింది. కత్తిరింపుల బల్ల కింద చెయ్యి పెట్టి ఒక సంచి బయటికి లాగింది. అందులోంచి ఒక జెర్సీ తీసి బల్లమీద, వీపు పైకి వచ్చేలా పరిచింది.

నాలుగో నంబరు. దానిపైన పొడుగక్క పేరులో సగమే ఉంది. మిగతా సగం ఉండాల్సిన చోట కుట్లు విప్పిన చిన్న చిన్న చిల్లులున్నాయి.

"ఇదేంటి? చిరిగిందా?"

"లేదు. నేనే విప్పుతున్నాను."

క్లబ్బు జెర్సీల పని ఇంటి ముందుగదిలోని ఈ కుట్టుకొట్టుకే వస్తుంది. గుడ్డ అక్షరాలు కత్తిరించి వీపు మీద కుట్టాలి. ఎవరైనా వెళ్ళిపోతే ఆ అక్షరాలు విప్పి, చిల్లులు కనబడకుండా ఇస్త్రీ చేసి, కొత్తవాళ్ళ పేరు కుట్టాలి. ఇది వీధంతటికీ తెలిసిన సంగతే. తెలియనిది ఒకటుంది, అది అమ్మ ఇన్నేళ్ళుగా కట్టుకున్నవాడితో కూడా అనలేదు.

"ఎవర్ని తీసేసినా ఆ పిల్లకంటే ముందు నాకు తెలుస్తుంది," అంది అమ్మ. "జెర్సీ ముందొస్తుంది. కబురు తర్వాత వెళుతుంది. కొట్లో తెలిసింది కొట్లోనే ఉండాలి, ఎవరితో అన్నా పని పోతుంది అని క్లబ్బువాళ్ళు మొదటిరోజే చెప్పారు. నేనెవరితోనూ అనలేదు. బడి మానేసి వచ్చి, ఒక్క సీజను ఆడి, కాలో చెయ్యో వాచి వెళ్ళిపోయిన పిల్లలందరి పేర్లూ ఈ చేతుల్తోనే విప్పాను. నిన్ను ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడైనా తెలిసిందా?"

"అంటే ఆ పొడుగుపిల్లని..." అంది నానమ్మ.

"తీసేశారు."

"కూరలో కరివేపాకులా!"

పిడుగు జెర్సీని ముట్టుకోలేదు. "అక్కకి తెలుసా?"

"తెలీదు. పొద్దున వచ్చింది కదా, మోకాలి పట్టీకి ఎలాస్టిక్ వేయించుకోవడానికి. వేసిచ్చాను."

"ఏమీ చెప్పకుండానా?"

"ఏమీ చెప్పకుండానే."

కూతురి చూపుని అమ్మ తట్టుకోలేకపోయింది. పొద్దుటినుంచి మిషను ఎందుకాపలేదో ఇప్పుడు అందరికీ అర్థమైంది. సంతకం గొడవ అందులో సగమే.

"సరే. మరి ఈ నంబరు ఎవరికి?" అంది పిడుగు.

"కొత్తమ్మాయి అన్నారు. పేరు తర్వాత చెబుతామన్నారు. దీన్ని ఆ పిల్లకి సరిచేయమని ఫోన్లో కొలతలు మాత్రం చెప్పారు." అమ్మ ఇప్పుడు కూతురివైపు కాకుండా గుమ్మంవైపు తిరిగింది. "వినగానే తెలిసిపోయింది ఎవరివో. భుజం, ఛాతీ, పొడవు, అన్నీ మన పిల్లవే. కాకపోతే ప్రతి కొలతా సరిగ్గా ఒక్క అంగుళం ఎక్కువ."

నాన్న గుమ్మం వదిలి రెండడుగులు వెనక్కి వేశాడు.

అమ్మ మెడలోంచి కొలత టేపు తీసి, కొస పైకెత్తి పట్టుకుంది. "దీని మొదటి అంగుళం తెగిపోయి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఒకటి నుంచి మొదలవుతుంది. నేను కొలిస్తే ఒకటి తీసేసి చెబుతాను. ఆ సంగతి తెలియని మహానుభావుడెవరైనా దీంతో కొలిస్తే అన్నీ అంగుళం పెరుగుతాయి. ఏవండీ?"

నాన్న జేబులో పెన్ను తడుముకున్నాడు.

"అది... మేనేజరు అడిగాడు. జెర్సీ సిద్ధంగా ఉంటే సంతకాల రోజున పిల్లకి చూపిద్దాం, మురిసిపోతుంది అన్నాడు. దాని బడిచొక్కా తీగమీద ఆరేసి ఉంటే కొలిచి చెప్పాను. అంతే. నువ్వు కూడా చూసి సంతోషిస్తావనుకున్నా."

"సంతోషించాను. నా ఇంట్లో, నా టేపుతో, నాకు తెలియకుండా. నేను వద్దనక ముందే మీరు సంతకం పెట్టేశారన్నమాట."

"కొలతలిస్తే సంతకం పెట్టినట్టా?"

"వాళ్ళకి అలాగే అర్థమైంది. అందుకే ఆ పొడుగుపిల్ల పేరు విప్పడానికి నా దగ్గరికొచ్చింది."

నాన్న చెడ్డవాడు కాదు. కూతురు గాల్లోకి లేచినప్పుడల్లా తానే లేచినట్టు మురిసిపోయే మనిషి. అలాంటివాళ్ళ ఉత్సాహం వల్ల ఇంట్లో ఎన్ని కొంపలు మునుగుతాయో వాళ్ళకి చివరిదాకా తెలియదు.

"ఇన్నేళ్ళు కాపురం చేసి పెళ్ళాం టేపు సంగతి తెలియదట్రా నీకు!" అంది నానమ్మ.

ఇంకో రోజయితే పిడుగు నవ్వేది. ఇవాళ ఆమె స్టూలు జెర్సీకి దూరంగా జరుపుకుంది. నాలుగో నంబరు కావాలని వారం రోజులుగా గెంతులేసింది తనే. అది ఎవరి వీపు మీదనుంచి వస్తుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. తన మీద తనకే మండిపోయింది, ఆ మంట అమ్మ మీదికి మళ్ళింది.

"అక్కకి ఫోన్ చెయ్యి."

"చేస్తే క్లబ్బు పని పోతుంది. ఈ ఇల్లు సగం దానిమీదే నడుస్తోంది."

"నువ్వు నన్ను భయపెట్టడానికి వాళ్ళ పేర్లు పనికొచ్చాయి. వాళ్ళకి ఒక్క మాట చెప్పడానికి మాత్రం నీకు నోరు రాలేదు. చెయ్యకపోతే నేనే చేస్తా."

ఆ మాట గట్టిగానే తగిలింది. అమ్మ సగం విప్పిన పేరుని అరచేత్తో ఒకసారి సాపు చేసింది. తర్వాత ఎవరినీ చూడకుండా ఫోన్ తీసింది.

"ఏమ్మా, నేనే, కుట్టుకొట్టు పిన్నిని. ఒకసారి కొట్టుకి రా. కాదు, రేపు కాదు. ఇప్పుడే రా."

ముందు వచ్చింది మాత్రం మేనేజరు.

ఆయన ఏ ఇంటికెళ్ళినా ఆ ఇంటివాడిలాగే ప్రవర్తిస్తాడు. చెప్పులు విప్పుతూనే నానమ్మ ఆరోగ్యం అడిగాడు, నాన్న భుజం తట్టాడు, "ఏం చాంపియన్!" అని పిడుగుని పలకరించాడు. కొలతల కోసం వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుని ఫైలు బల్లమీద పెట్టబోయి ఆగాడు. బల్లమీద జెర్సీ ఉంది.

"పని ఇంకా అవలేదా అమ్మా?" అన్నాడు, నవ్వు చెదరకుండా.

"అవలేదు," అంది అమ్మ.

"ఈ నంబరు ఎవరిది సార్?" అంది పిడుగు.

"నీదే. నాన్నగారు చెప్పేశారా? నీకు ఒకేసారి చూపిద్దామనుకున్నాం."

"నిన్నటిదాకా ఎవరిది?"

"చూడమ్మా, ఆటల్లో ఇవన్నీ మామూలే. ఒకరు వస్తారు, ఒకరు వెళతారు. నువ్వు నీ ఆట గురించి ఆలోచించు."

"వెళ్ళేవాళ్ళకి వెళుతున్నామని తెలియాలి కదా?"

"చెబుతాం. దేనికైనా ఒక పద్ధతుంటుంది."

"ఆ పద్ధతి ఏమిటో చెప్పండి సార్. ముందు దర్జీకి చెప్పడమా?"

మేనేజరు అమ్మవైపు చూశాడు. ఈసారి నవ్వులేదు. "మన మధ్య ఒక మాట ఉంది అనుకున్నానమ్మా."

"ఉండేది," అంది అమ్మ. పని పోయినట్టేనని తెలిసినా, ఆ ఒక్క మాటతో ఆవిడకి గుండె తేలికైంది.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. పొడుగక్క ఏ గుమ్మంలోంచి రావాలన్నా తల వంచాల్సిందే. వంచిన తల ఎత్తేసరికి బల్లమీద తన జెర్సీ కనబడింది.

తన పేరులో మిగిలిన సగాన్ని ఆమె ఒకసారి చదువుకుంది. తర్వాత మేనేజరుని కాదు, పిడుగుని కాదు, అమ్మని చూసింది.

"పొద్దున నేనొచ్చినప్పుడు ఇది మీ దగ్గరే ఉందా పిన్నీ?"

"ఉందమ్మా."

"నేను ఆ స్టూలు మీద కూర్చుని వచ్చే సీజను గురించి వాగుతున్నప్పుడు?"

"బల్ల కిందే ఉంది."

"వాగనిచ్చారు."

"వాగనిచ్చాను," అంది అమ్మ. "తప్పే. అందుకే పిలిచాను."

"బళ్ళో ఉన్నప్పుడు నాకు మొట్టమొదటి ఆట నిక్కరు కుట్టింది మీరు. 'నీకు బట్ట చాలదే తల్లీ' అని నవ్వారు. ఆ చనువు కూడా లేకుండా పోయిందా?"

పొడుగక్క జవాబు కోసం ఆగలేదు. మేనేజరువైపు తిరిగింది.

"నాకెప్పుడు తెలియాలి సార్? ఈ పిడుగు నా నంబరు వేసుకుని మైదానంలోకి వచ్చాకా?"

"నీ మోకాలు మునుపటిలా లేదమ్మా. నీ మంచికే..."

"మీ దగ్గర చేరినరోజున బాగానే ఉంది. వాచినా పట్టీ కట్టుకుని ఆడమన్నది మీరే."

"ఆడనన్నావా?"

"అనలేదు. అంటే తీసేస్తారని అనలేదు. అనకపోయినా తీసేశారు."

పిడుగు ఇక ఆగలేకపోయింది. "నాకొద్దు సార్. ఈ నంబరు నాకొద్దు, మీ క్లబ్బూ నాకొద్దు."

"అయ్యో!" అన్నాడు నాన్న. ఆయనకి కూర్చోవడానికి ఏమీ దొరక్క గోడకి ఆనుకున్నాడు.

చిత్రమేమిటంటే, వారం రోజులుగా అమ్మ కోరుకున్నది ఇదే. తీరా ఆ మాట కూతురి నోట వినబడ్డాక ఆవిడకి సంతోషం కలగలేదు. ఇది తన మాట విని మానుకున్న పిల్ల ముఖం కాదు.

"నోర్ముయ్," అంది పొడుగక్క పిడుగుతో. "నువ్వు మానేస్తే నా నంబరు నాకిస్తారనుకుంటున్నావా? ఇంకో బడిపిల్లని పట్టుకొస్తారు. దానికి నీలో సగం ఆట కూడా రాదు. నామీద జాలిపడి మానేశావంటే నీ మొహం చూడను."

"మరి నిన్ను తోసేసి వెళ్ళమంటావా?"

"నాలాగా మాత్రం వెళ్ళకు. నేను వెళ్ళిన రోజున ఏమీ అడగలేదు. ఎక్కడ వద్దంటారోనని భయం. నువ్వు భయపడవు కదా, అడుగు!"

పిడుగు వచ్చి మేనేజరు ఎదురుగా నిలబడింది. ఆమె నిలబడితే కూర్చున్నవాళ్ళు మెడ ఎత్తాల్సిందే.

"వస్తాను సార్. కానీ పరీక్షలు రాసే వస్తాను, అంతదాకా ఆగండి. దెబ్బ తగిలితే తగ్గేదాకా వైద్యం మీదే, ఆ రోజులకి జీతం కూడా మీదే. వాచిన కాలుకి పట్టీ కట్టి ఆడమనకూడదు. ఇంకా, నన్ను తీసేసే రోజు వస్తే ముందు నాకు చెప్పాలి, మొహం చూసి చెప్పాలి. మా అమ్మకి కాదు."

మేనేజరు నవ్వేశాడు. "బయట నీలాంటివాళ్ళు చాలామంది ఉన్నారమ్మా."

"నాలాంటివాళ్ళు అంతమంది ఉంటే మా వీధి వెతుక్కుంటూ మీరెందుకొచ్చారు?"

నానమ్మ కుర్చీ చెయ్యి మీద ఠపీమని కొట్టింది.

మేనేజరు ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "అసలు మీ అమ్మగారే సంతకం పెట్టేలా లేరు. ఇంక ఈ మాటలన్నీ దండగ కదా?"

"పెడతాను," అంది అమ్మ.

అందరూ ఆవిడవైపు తిరిగారు. పిడుగైతే నోరు తెరిచి మరీ చూసింది.

"అది అడిగినవన్నీ రాయండి, పెడతాను. ఇప్పుడే వద్దని నేనింకా అంటున్నాను. కానీ ఇంత గట్టిగా నిలబడి అడగగలదని నాకు తెలియదు. మీరు ఒక్కటి తగ్గించినా పెట్టను."

మేనేజరు లేచి, ఫోన్ చెవికి ఆనించుకుని వీధిలోకి వెళ్ళాడు. కిటికీలోంచి ఆయన చెయ్యి ఊపడం కనబడుతోంది, మాట వినబడటం లేదు. పొడుగక్క స్టూలు మీద కూర్చుని కాలు చాపుకుంది, చాపుతున్నప్పుడు పెదవి కొరుక్కుంది. నాన్న వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

మేనేజరు తిరిగొచ్చాడు. మళ్ళీ పాత నవ్వే.

"పైవాళ్ళు ఒప్పుకున్నారు. పరీక్షలు, వైద్యం, ముందు చెప్పడం, అన్నీ రాసిస్తాం. ఇంతవరకు ఏ కొత్త పిల్లకీ ఇన్ని ఒప్పుకోలేదు, తెలుసా?"

నాన్న జేబులో పెన్నుకోసం చెయ్యి పెట్టాడు.

"కాకపోతే ఒక్కటి." మేనేజరు పొడుగక్కవైపు చూశాడు. "ఇవాళ ఇక్కడ జరిగింది బయటికి పోకూడదు. ఈ అమ్మాయి తనంతట తానే, తన ఇష్టంతోనే ఆట మానేస్తున్నానని రాసివ్వాలి. మోకాలి మాట అందులో ఉండకూడదు. అది రాసిస్తే ఇది రాస్తాం. లేదంటే రెండూ లేవు."

"అంటే ఈ పిల్ల కుంటుకుంటూ పోతూ, మీ తప్పేమీ లేదని చెప్పి మరీ పోవాలా?" అంది నానమ్మ. "రేపు ఆ కాలు ఎవరు బాగుచేయించాలి?"

మేనేజరు ఫైల్లోంచి ఒక తెల్లకాగితం తీసి బల్లమీద, జెర్సీ పక్కనే పెట్టాడు.

పొడుగక్క గ్లాసు కింద పెట్టింది. "పెన్ను ఇవ్వండి బాబాయ్."

నాన్న చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

"ఇవ్వండి. నాకు ఎలాగూ పోయింది. వీళ్ళతో కొట్లాడే ఓపిక నాకు లేదు. నేను అడగలేనివన్నీ అది అడిగింది, దానికైనా దక్కనివ్వండి."

ఆయన చెయ్యి బయటికొచ్చేలోపు పిడుగు తన అరచేతిని కాగితం మీద వేసి అదిమిపెట్టింది. బల్లమీద కత్తెరలు గలగలమన్నాయి.

"నువ్వు అది రాస్తే నేను ఆడను."

"నువ్వు ఆడకపోతే నేను రాసి ఏం లాభమే? చెయ్యి తియ్యి."

"తియ్యను."

"పిచ్చిదానా, నీకు అన్నీ ఇస్తున్నారు."

"నీ కాలు తీసుకుని ఇస్తున్నారు. నాకొద్దు."

"నా కాలు, నా ఇష్టం. తియ్యమన్నానా!"

"తియ్యనన్నానా!"

పొడుగక్క ఆ చెయ్యి పట్టుకుని లాగింది. పిడుగు కదల్లేదు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, ఇద్దరూ పళ్ళు బిగించే ఉన్నారు.

మేనేజరు వాచీ చూసుకుని లేచాడు. "నాకు టైమైంది. మీలో మీకే కుదరకపోతే నేనేం చేస్తాను? వస్తానండీ."

"సార్, ఒక్క నిమిషం, సార్..." నాన్న వెంటపడ్డాడు.

ఆయన కంటే ముందు అమ్మ వెళ్ళింది. వీధి తలుపు రెండు రెక్కలూ దగ్గరికి లాగి, గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"కూర్చోండి సార్," అంది. "మా పిల్లలింకా మాట్లాడుకుంటున్నారు."